ఎడారి గనులు, బల్లమీది యుద్ధము

చదరంగములో రాజు చిక్కినచో ఆట కట్టినట్లే. ఏనుగులును గుఱ్ఱములును ఎన్ని మిగిలియున్నను, రాజు కదలలేనివాడైన పిమ్మట వానితో పనిలేదు. ఈ నియమము ఆటకు సొగసైనదే. కాని యుద్ధమునకును ఇదియే నియమమని నమ్మి, కోటను పట్టినచో ముట్టడించినవాడు గెలిచినాడనియు, పట్టనీయకున్నచో కాపువాడు గెలిచినాడనియు తీర్పు చెప్పువారు కలరు. అట్టి తీర్పులు చరిత్రయను పై న్యాయస్థానమునందు తఱచుగా కొట్టివేయబడుచుండును.

యుద్ధక్రీడ యనునది నేడు దేశదేశముల వ్యాపించిన వినోదము. సైనిక విద్యాలయములలో అది వినోదము కాదు, పాఠము. 1824వ సంవత్సరమున ప్రష్యా సేనయందలి రైస్విట్జ్ అను యువ సైనికోద్యోగి, పటముమీద చిన్న పావులను నిలిపి, పాచికలు వేసి నష్టములను లెక్కించి, ఇరుపక్షముల నడుమ మధ్యస్థుని కూర్చుండబెట్టి ఆడు పద్ధతిని ప్రకటించెను. 1913లో హెచ్. జి. వెల్స్ అను ఆంగ్ల రచయిత బొమ్మ సిపాయిలతో ఇంటిలో ఆడదగిన నియమములను ఒక గ్రంథముగా వెలువరించెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ఇట్టి క్రీడలు అట్టపెట్టెలలో అంగళ్లకు వచ్చెను. వీనియందు అభిరుచిగల యువకులు మన నగరములలోను కలరు. వారు ఆడదగిన ఘట్టములలో నొకదానిని మేము నేడు విచారణకు గైకొనుచున్నాము: ఎడారి నడుమ నొక గనుల శిబిరము, దానిపై తిరుగుబాటుదారుల దాడి.

ఇట్టి ఆటలను మానుడని మేము చెప్పుట లేదు. యుద్ధమును గూర్చి ఆలోచింపని జాతి యుద్ధమునుండి తప్పించుకొనలేదు. బల్లచుట్టును కూర్చుండి ఎదిరివాని మనస్సును ఊహింప నేర్చినవాడు, వార్తాపత్రికలోని యుద్ధవార్తను ఇతరులకంటె మేలుగా చదువగలడు. మా వాదము వేఱు. ఈ ఘట్టమున గెలుపోటములను నిర్ణయించునవి సామాన్యముగా బల్లమీదికి రావు. వానిని బల్లమీదికి తెచ్చునంతవఱకు ఈ ఆట మన యువకులకు అబద్ధసాక్ష్యమే చెప్పుచుండును.

సాక్ష్యములేని వాదము చెల్లదు గనుక జరిగిన యుద్ధమునే చదువరుల యెదుట నుంచుచున్నాము. ఆఫ్రికాఖండపు పడమటి భాగమున, సహారా ఎడారిలో, మౌరిటేనియా యను దేశము కలదు. అది 1960లో ఫ్రెంచి పాలననుండి విముక్తమయ్యెను. ఆ దేశపు ఉత్తరభాగమున జుయెరాత్ అను గనిపట్టణము కలదు. చుట్టును ఇసుక, రాయి. నడుమ ఇనుప ఖనిజపు కొండలు. ఆ ఖనిజమును నువాదిబు రేవునకు చేర్చుటకై వేసిన రైలుదారి 1963లో నడువ నారంభించెను. దాని పొడవు సుమారు 650 కిలోమీటర్లు, అది ఒంటిదారి. దానిపై నడచు ఖనిజపు బండి పొడవు రెండు కిలోమీటర్లకు పైబడియుండును. పొరుగుననున్న సహారా భాగము అప్పుడు స్పెయిను వశములో నుండెను. ఆ సరిహద్దు మూలను దాటి దారి వేయుటకు ఇరు ప్రభుత్వములకును పొసగనందున, షూమ్ అనుచోట గట్టి రాతికొండను తొలిచి సుమారు రెండు కిలోమీటర్ల సొరంగమును త్రవ్వవలసివచ్చెను. ప్రభుత్వములు కాగితముపై గీచిన గీతకొఱకు కొండ పగులవలసినదయ్యెను.

ఈ గనులను తొలుత నడపినది మిఫెర్మా యను విదేశీ మూలధనపు సంఘము. 1968 మే నెలలో కార్మికులు సమ్మెకట్టగా సైనికుల తుపాకులు ప్రేలి కొందఱు ప్రాణములు గోల్పోయిరి. 1974లో ప్రభుత్వము గనులను జాతీయము గావించెను. అయినను నిపుణులలో పెక్కుఱు ఫ్రెంచివారే. దేశపు ఎగుమతుల రాబడిలో అధికభాగము ఆ యొక్క రైలుదారిమీదనే రేవునకు చేరుచుండెను. చదువరులు ఈ సంగతిని మనస్సునందుంచుకొనవలెను. మౌరిటేనియాకు రాజధాని నువాక్షోత్ కావచ్చును. ఆ దేశపు ప్రాణము మాత్రము ఆ యినుప పట్టాలపై నుండెను.

ఇక వ్యాజ్యపు మూలము. స్పెయిను సహారానుండి తొలగిపోవు తరుణమున మొరాకోయును మౌరిటేనియాయును ఆ భూమి తమదని వాదించెను. 1975 అక్టోబరు 16వ తేదీన హేగ్ నగరమందలి అంతర్జాతీయ న్యాయస్థానము తన సలహాభిప్రాయమును ప్రకటించెను. అక్కడి కొన్ని తెగలకు పూర్వము మొరాకో సుల్తానుపట్ల విధేయత యుండెననియు, మౌరిటేనియా ప్రాంతముతోను కొన్ని సంబంధములు ఉండెననియు న్యాయస్థానము ఒప్పుకొనెను. ఒప్పుకొనుచునే, అవి భూమిపై సార్వభౌమాధికారమును స్థాపింపజాలవనియు, ఆ ప్రజలు తమ భవితవ్యమును తామే నిర్ణయించుకొను హక్కునకు అడ్డురావనియు స్పష్టపఱచెను. నెల తిరుగకమునుపే, నవంబరు 14వ తేదీన, స్పెయిను, మొరాకో, మౌరిటేనియాలు మాడ్రిడ్ నగరమున తమలో తాము ఒడంబడిక చేసికొనెను. భూమిని గూర్చిన ఆ పత్రముపై భూమిలో నివసించు సహరావీ ప్రజల సంతకము లేదు. న్యాయవాదవృత్తిలో నున్న మాకు, హక్కుదారు లేకుండ వ్రాసికొన్న విక్రయపత్రము గతి ఏమగునో తెలియనిది కాదు. 1976 ఏప్రిలులో మొరాకో ఉత్తరభాగమును, మౌరిటేనియా దక్షిణభాగమును పంచుకొనెను. 1973లో స్పెయినుపై పోరుటకు పుట్టిన పొలిసారియో దళము అంతట ఇరువురిపైనను కత్తికట్టెను.

1977 మే 1వ తేదీన పొలిసారియో దళములు మోటారుబండ్లపై జుయెరాత్ పట్టణములోనికి చొచ్చుకొనివచ్చెను. పట్టణమునకు కాపుదండు ఉండెను, ఉండియు లేనట్లయ్యెను. ఇద్దఱు ఫ్రెంచివారు మరణించిరి. ఆఱుగురు ఫ్రెంచివారిని చెఱపట్టి దాడిదారులు మరల ఎడారిలో మఱుగైరి.

ఈ ఘట్టమును బల్లమీద నుంచి ఆడినచో ఏమగును? కాపుదండు పక్షపు ఆటగాడు కందకము, ఇంధనపు నిలువ, విమానస్థలము, ఇండ్ల వరుసలు చూచుకొని పావులను నిలుపును. తిరుగుబాటు పక్షపు ఆటగాడు తాను ఏ దిక్కునుండి వచ్చునదియు చీటిపై వ్రాసి మధ్యస్థుని చేతికిచ్చును. పాచికలు పడును. దాడిదారులు కొన్ని బండ్లను పోగొట్టుకొని, కొంత నష్టము కలిగించి, వెడలిపోవుదురు. ప్రొద్దుగ్రుంకువేళకు పటమున పట్టణముపై ప్రభుత్వపు జెండాయే యెగురుచుండును. కాపుదండు గెలిచినదని మధ్యస్థుడు తీర్పు చెప్పును. పావులను పెట్టెలో సర్దుకొని అందఱును ఇండ్లకు పోవుదురు.

చరిత్ర మాత్రము పావులను పెట్టెలో సర్దలేదు. దాడి పిమ్మట ఫ్రెంచి నిపుణులు పలువురు గనిపట్టణమును విడిచిపోయిరి. ఆ నెలలోనే మౌరిటేనియా ప్రభుత్వము మొరాకోతో రక్షణసంధి చేసికొనెను; కొలదికాలములోనే మొరాకో సేనలు జుయెరాత్ వచ్చి దిగెను. ఇల్లు కాపాడుకొనుటకై బలవంతుడగు పొరుగువానిని నట్టింట కూర్చుండబెట్టుకొన్నట్లయ్యెను. యుద్ధమునకు ముందు సుమారు 3,000 మందియుండిన సేన రెండేండ్లలో 15,000 మందికి పెరిగెను. జనసంఖ్య పదునాలుగు లక్షలకు మించని దేశమది. అంతకుముందే యేండ్ల తరబడి కఱవు వచ్చి మందలు నశించియుండెను; అంగడిలో ఇనుము ధరయు తగ్గియుండెను. ఆ బరువును ఆ దేశము ఎట్లు మోయగలదు? రైలుదారిపై దాడులు సాగుచునే యుండెను. 1978 జూలై 10వ తేదీన సైన్యమే అధ్యక్షుడగు మొఖ్తార్ ఉల్ద్ దద్దాను పదవినుండి తొలగించెను. 1979 ఆగస్టు 5వ తేదీన అల్జీర్సు నగరమున జరిగిన సంధిలో మౌరిటేనియా సహారాపై తన వాదమును పూర్తిగా విడుచుకొనెను. బల్లమీద కాపుదండు గెలిచిన దినమునకు పదునాలుగు నెలలలో ప్రభుత్వము కూలినది. ఇట్టిదానిని గెలుపు అనుటకు మాకు నోరు రాకున్నది.

ఇందుండి మొదట తేలునది యేమి? దాడిదారునకు పట్టణముతో పనిలేదు. దానిని కాపాడుటకగు ఖర్చును, దానినుండి వచ్చు రాబడికంటె మిన్నగా చేయుటయే అతని యెత్తు. కావున ఈ క్రీడాబల్లమీద తుపాకుల లెక్కతోపాటు జమాఖర్చుల పుస్తకమును ఉండవలెను. ప్రతి యెత్తునకును కాపుదండునకు జీతము, తిండి, నీరు, నూనె ఎంతయైనదో ఒకవంక వ్రాయవలెను; ఎన్ని బండ్ల ఖనిజము రేవునకు చేరినదో మఱియొకవంక వ్రాయవలెను. పటపు అంచు పట్టణపు కందకము వద్ద ఆగరాదు. 650 కిలోమీటర్లు సాగి సముద్రమును తాకవలెను. పొరుగుననే, సహారాలోని బూ క్రా గనులనుండి తీరమునకు ఫాస్ఫేటును మోయు సుమారు 100 కిలోమీటర్ల యంత్రపు పట్టీకిని ఇదే గతి పట్టెను. దాడుల వలన 1976లో ఆ గని పని నిలిచిపోయెను. అంత దూరమును గజమునకొక సిపాయిని నిలిపి కావలి కాయుట ఏ ప్రభుత్వమునకు సాధ్యము?

దీనికి బదులు చెప్పువారు లేకపోలేదు. మొరాకో 1980 మొదలు 1987 వఱకు ఎడారిలో ఇసుకతోను రాతితోను సుమారు 2,700 కిలోమీటర్ల గోడను కట్టి, మందుపాతరలు పాతి, బూ క్రా గనులను మరల నడిపించలేదా యని వారడుగవచ్చును. నడిపించినమాట నిజమే. యుక్తిగల రక్షణ దాడిని ఆపగలదని మేమును ఒప్పుకొందుము. కాని గోడ దాడిని ఆపినది గాని వ్యాజ్యమును తీర్పలేదు. 1991లో ఐక్యరాజ్యసమితి కాల్పుల విరమణ జరిపించి, ప్రజాభిప్రాయసేకరణ జరుపుదుమని వాగ్దానము చేసెను. ఆ సేకరణ నేటికిని జరుగలేదు. 2020 నవంబరులో ఆ విరమణయు చెడెను. అల్జీరియాలోని తిందూఫ్ చెంత శరణార్థుల శిబిరములలో పుట్టినవారు అక్కడనే తాతలగుచున్నారు. ఈ ఖర్చును ఏ పద్దున వ్రాయవలెను?

రెండవది, మధ్యస్థుని ధర్మము. యుద్ధక్రీడలో తిరుగుబాటు పక్షపు కుర్చీ సామాన్యముగా ఎవరికిని అక్కఱలేని కుర్చీ. ఓడుటకే పుట్టినవాడని అతనిని ముందే తలపోయుదురు. 1942లో మిడ్వే దండయాత్రకు పూర్వము జపాను నౌకాసేనాపతులు బల్లపై ఆడి చూచిరి. పాచికలు పడి తమ విమానవాహక నౌకలు మునుగగా, అధ్యక్షుడైన ఉగాకి ఆ లెక్కను తగ్గించి, మునిగిన నౌకను తేలించెనని ఫుచిదా యను నౌకావిమానదళపు అధికారి తరువాత వ్రాసెను. ఆ జూన్ నెలలో నిజసముద్రమున నాలుగు వాహకనౌకలు మునిగెను. వానిని తేలించు మధ్యస్థుడు అక్కడ లేడు. 2002లో అమెరికా సేనలు జరిపిన ‘మిలీనియం ఛాలెంజ్’ అను గొప్ప క్రీడయందును ఇట్లే జరిగెను. ఎదిరిపక్షమునకు నాయకుడైన విశ్రాంత సేనాని పాల్ వాన్ రైపర్ వార్తలను మోటారుసైకిళ్లపై పంపి, క్షిపణులతోను చిన్నపడవలతోను 16 నౌకలను ముంచినట్లు లెక్క తేలెను. అధికారులు ఆ నౌకలను తేలించి ఆటను మరల సాగింపుమనిరి. అతడు తన నాయకత్వమును విడిచి లేచిపోయెను. ప్రతివాది నోరు నొక్కి వ్రాసిన తీర్పు వాదికి సంతోషము కలిగించును; మఱునాడు అతనిని రక్షింపదు. కావున ఎడారి ఘట్టమును ఆడువారు తమలో మిక్కిలి తెలివిగలవానిని తిరుగుబాటు కుర్చీలో కూర్చుండబెట్టి, అతని చేతులు కట్టకుండ ఆడనిత్తురుగాక.

మూడవది, మాకు అన్నిటికంటె ముఖ్యమైనది, పావులు కాని మనుష్యుల సంగతి. గనుల శిబిరమనగా యంత్రములును కందకములును మాత్రమే కాదు. అక్కడ కూలీలుందురు, వారి భార్యలు, బిడ్డలు, వంటవారు, వైద్యులు ఉందురు. సరిహద్దునకు ఈవలను ఆవలను ఒకే హస్సానీ భాష, ఒకే తెగలు, ఒకే పెండ్లి సంబంధములు. తుపాకి పట్టిన సిపాయికి ఎదుటివాడు మేనమామ కొడుకు కావచ్చును. తొమ్మిదేండ్లకు పూర్వము సమ్మెలో ప్రభుత్వపు గుండ్లకు తోడివారు కూలుటను చూచిన కార్మికుడు, దాడి రాత్రి ఏ పక్షమున నిలుచును? ఈ ప్రశ్నకు పాచికలు బదులు చెప్పవు. ఆ బదులు తెలియకున్నచో కాపుదండు నాయకునకు తన కందకము లోపల ఎందఱు మిత్రులో తెలియనట్లే.

ధర్మము ఒకవంకనే చెప్పుట మా పద్ధతి కాదు. 1949 నాటి జెనీవా ఒడంబడికలు నాలుగింటను సమానముగా నుండు మూడవ అనుచ్ఛేదము, యుద్ధమున పాల్గొనని వారిని బందీలుగా పట్టుటను నిషేధించుచున్నది. జుయెరాత్‌లో నిపుణులను చెఱపట్టుట ఏ హక్కుచేతను సమర్థింపరానిది. దాని ఫలమును పొలిసారియో వెంటనే అనుభవించెను. తమ పౌరులు చెఱలోనుండగా ఫ్రెంచి ప్రభుత్వము ఊరకుండలేదు. 1977 డిసెంబరులో డాకర్ నుండి లేచిన జాగ్వార్ విమానములు, రైలుదారిపై దాడిచేసి మరలుచున్న దళములను ఎడారిలో వెంటాడి కొట్టెను. ఆ నెలలోనే బందీలు విడుదలైరి. దాడి జరిగిన నలువది దినములలోపల, జూన్ 8వ తేదీన, జెనీవా ఒడంబడికలకు అనుబంధ పత్రములు ఆమోదింపబడెను. పరాయి పాలననెదిరించి స్వయంనిర్ణయమునకై పోరు ప్రజల యుద్ధమును అంతర్జాతీయ యుద్ధముగనే యెన్నవలెనని వానిలో మొదటిది చెప్పినది. అట్టి యోధునకు గౌరవము నిచ్చిన ఆ చట్టమే అతనికి కట్టుబాటును విధించినది. ఒకటి కావలెను, ఇంకొకటి వలదనుట చెల్లదు. క్రీడలోను ఈ నియమమును ఉంచవలెను: నిరాయుధుని పట్టినవానికి గాని చంపినవానికి గాని, వాడు ఏ పక్షమువాడైనను, గెలుపు లెక్కలో కోత పడవలెను.

తిరుగుబాటుదారుడను మాటయు ఊరక వాడదగినది కాదు. 2013 జనవరిలో అల్జీరియా ఎడారిలోని ఇన్ అమెనాస్ వాయు కర్మాగారమును ముట్టడించి పనివారిని బలిగొన్నవారును, ఆ సంవత్సరమే మే నెలలో నైజర్ దేశపు అర్లిత్ యురేనియపు గనిపై బాంబుదాడి చేసినవారును సాయుధులే. వారు ఏ ప్రజల సమ్మతిని పొందిరి? ఏ న్యాయస్థానపు పలుకు వారివంక నున్నది? ప్రభుత్వము తిరుగుబాటుదారుడన్న ప్రతివాడును దోషి కాడు; తుపాకి పట్టి నేను విమోచకుడనన్న ప్రతివాడును విమోచకుడు కాడు. అభియోగపత్రము చదువకుండ ముద్దాయిని గూర్చి తీర్పు చెప్పరాదు. క్రీడాబల్లపై ఎఱ్ఱ పావులను నిలుపుటకు ముందు, వీరెవరు, వీరి కష్టమేమి, వీరి వెనుక నిలుచు ప్రజలెవరు అని ఒక పుటయైనను వ్రాసి చదువవలెను.

సహారా యెక్కడ, మన మెక్కడ యని చదువరులలో కొందఱు తలంపవచ్చును. భారతప్రభుత్వము 1985లో సహరావీ రిపబ్లిక్కును గుర్తించెను. 2000లో ఆ గుర్తింపును వెనుకకు తీసికొనెను. ఈ రెండు సంవత్సరముల నడుమ న్యాయస్థానపు అభిప్రాయము మాఱలేదు. మాఱినది మన లెక్క. మన దేశము ఎరువులకు కావలసిన ఫాస్ఫేటును విరివిగా దిగుమతి చేసికొనుచున్నది. మనకు దానిని అమ్ము దేశములలో మొరాకో ముఖ్యమైనది. కాకినాడలోను విశాఖపట్నములోను భాస్వరపు ఎరువులు తయారగుచున్నవి. వానిని వాడు రైతు మన గోదావరి, కృష్ణా మండలముల రైతు. రైతునకు ఎరువు కావలెననుటలో తప్పులేదు. కాని పైరునకు వేయు ఎరువు వెనుక ఏ గని యున్నదో, ఆ గని వెనుక ఎవరి సమ్మతి లేని పత్రమున్నదో తెలిసికొనుట స్వాతంత్ర్యము నెఱిగిన జాతికి విధి. పరుల హక్కును ధరకట్టి తూచు అలవాటు నొకసారి చేసికొన్నచో, ఆ త్రాసు మనయింటికిని వచ్చును.

కావున యువకులారా, ఈ ఆటను ఆడుడు, పూర్తిగా ఆడుడు. పటమును రేవువఱకు సాగదీయుడు. జమాఖర్చుల పుస్తకమును బల్లపై నుంచుడు. మధ్యస్థునకు సాహసమును, తిరుగుబాటు కుర్చీకి స్వేచ్ఛను ఇండు. కూలీకిని అతని యిల్లాలికిని బల్లమీద చోటిండు. కడపటి పాచిక పడిన పిమ్మట పట్టణము ఎవరి వశమైనదని అడుగుటతో తృప్తిపడక, ఆ పట్టణములోనివారు ఎవరి పాలనను కోరుచున్నారని అడుగుడు. ఆ ప్రశ్నను మొదటనే అడిగియున్నచో మాడ్రిడ్ పత్రము పుట్టియుండదు. జుయెరాత్ కందకములను త్రవ్వవలసిన పనియు వచ్చియుండదు.